లావు డెక్కలు, సన్నని తోక

జూన్ 8, 2025. ఆదివారం

రేపల్లె వెళ్ళొచ్చాం. పెళ్ళిచూపులు. అమ్మ, నాన్న, నేను. వేట నిషేధం ఇంకో వారం ఉంది కాబట్టి నాన్న ఖాళీగా ఉన్నాడు. లేకపోతే అమ్మ, నేను, నాన్న కోసం వేసిన ఒక కుర్చీ.

అమ్మాయి పేరు పావని. అక్కడే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వాళ్ళ నాన్నకి నిజాంపట్నం హార్బరులో పడవ ఉంది. మనవాళ్ళే. ఫొటోలో కంటే మనిషి పొడుగు.

మాట్లాడుకోమని మమ్మల్ని డాబా మీదికి పంపారు. డ్యూటీ టైమింగ్స్ అడుగుదామని రైల్లోనే రెండు వాక్యాలు తయారు చేసుకున్నాను. ఆమె ముందే మొదలుపెట్టింది. నాకో తేలుందండి, అంది. తప్పుగా విన్నాననుకున్నాను. మూడేళ్ళ నుంచి పెంచుతున్నాను, పెళ్ళయ్యాక నాతోపాటే వస్తుంది, అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, అంది.

సరే అన్నాను.

మెట్ల గదిలోంచి ప్లాస్టిక్ డబ్బా తెచ్చి మూత తీసింది. నల్లగా, నా అరచెయ్యంత. మండ్రగబ్బ. నేను వెనక్కి జరిగి జరిగి, ఆరేసిన చీరలో చిక్కుకున్నాను. ఆమె నవ్వలేదు. మూత పెట్టేసింది. సరే అని ఊరికే అనకండి, ఆలోచించుకుని చెప్పండి, అంది.

కిందికొచ్చాక ఏం మాట్లాడుకున్నారని అడిగింది అమ్మ. ఉద్యోగాల గురించి అన్నాను.

తిరుగు రైల్లో, అమ్మాయి బావుందిరా అంది అమ్మ. సరే అన్నాను. ఇవాళ్టికి రెండోసారి.

జూన్ 9

నచ్చింది. తేలు కాదు.

జూన్ 11. రాత్రి భోజనం తర్వాత

వాళ్ళవైపు నుంచి కబురొచ్చింది. మా వాళ్ళకీ ఇష్టమే. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో ముహూర్తం చూద్దామనుకున్నారు. అంటే నాకు నెలన్నర పైన టైముంది.

ఆలోచించుకోమంది. ఆలోచించడం వల్ల ఉపయోగం కనిపించడం లేదు. కళ్ళు మూసుకుంటే ఆ డబ్బా మూత తీసిన చప్పుడే వినిపిస్తోంది. తేలున్న ఇంట్లో ఉండగలనా లేదా అన్నది ఉండి చూస్తేనే తెలుస్తుంది. తెనాలిలో నా గది నా ఇష్టం. చెంచుపేట, మేడ మీద, ఒక్కణ్ణే. షాపుకెళ్ళి కళ్ళజోళ్ళకి అద్దాలు కోసి బిగించడం, వచ్చి పడుకోవడం. నేనే ఒక తేలుని పెంచుతాను. ఆమెకి చెప్పను. నా వల్ల కాకపోతే కాదని శ్రావణం లోపే చెప్పేస్తాను.

ముప్పై ఏళ్ళొచ్చాయి. ఇంతవరకు చిలకని కూడా పెంచలేదు.

జూన్ 13

వీడియోలు చూస్తున్నాను. Beginners కి ఏది మంచిదని వెతికితే వందొచ్చాయి. అందరూ మొదట చెప్పేది ఎంపరర్. ఆఫ్రికాది. పెద్దది, నెమ్మది, విషం తక్కువ. తర్వాత ఏషియన్ ఫారెస్ట్. అదీ నల్లనిదే, కొంచెం కోపిష్టిది, కుడితే కందిరీగ కుట్టినట్టు ఉంటుందట. తర్వాత అమెరికా ఎడారి తేలు ఒకటి, పసుపుపచ్చ కాళ్ళు, ఒంటి నిండా వెంట్రుకలు. దానికి పొడి ఇసుక, ఎండ కావాలి. తెనాలిలో జూలైలో పొడి ఇసుక ఎక్కడ తేను.

అన్నిట్లోనూ ఒకటే మాట. చేత్తో పట్టుకోవద్దు. చూసుకోవడానికే తప్ప ముద్దు చెయ్యడానికి కాదు. ఈ ఒక్క సంగతి నాకు బాగా నచ్చింది.

జూన్ 15. ఆదివారం

నాన్న ఇవాళ సముద్రంలోకి వెళ్ళాడు.

ఇన్‌స్టాలో ఒకతను ఎంపరర్ కొరియర్‌లో పంపిస్తానన్నాడు. చెన్నైట. కాగితాలు ఏమైనా ఉంటాయా అని అడిగాను. తేలుకి కాగితాలేంటి సార్ అన్నాడు. స్వీట్ల డబ్బాలో పెట్టి పంపిస్తాడట, పైన మైసూర్‌పాక్ అని రాస్తాడట.

ఏం చెయ్యాలో తోచలేదు. పావనికి ఫోన్ చేశాను. మొదటి ఫోన్. నా ఫ్రెండ్ ఒకడు తేలు పెంచుదామనుకుంటున్నాడండి, ఎంపరరో ఏషియన్ ఫారెస్టో చూస్తున్నాడు, అన్నాను.  డ్యూటీలో పేషెంటుకి చెప్పినట్టు చెప్పింది. బయటి దేశంవాటిని కాగితాలు లేకుండా కొనొద్దనండి. మన దగ్గరున్న మండ్రగబ్బ కూడా మీ ఫ్రెండ్ చూస్తున్న ఏషియన్ ఫారెస్ట్ లాంటిదే. దానికి కావలసిన వేడి, తేమ మన గాలిలోనే ఉన్నాయి. కొత్తవాళ్ళకి అంతకంటే మంచిది లేదు.

పెద్దది కదండి, చిన్నది తీసుకుంటే మేలేమో, అన్నాను.

'సైజు చూడొద్దండి. ముందు పట్టుకునే డెక్కలు చూడాలి, పీతకున్నట్టు ఉంటాయే, అవి,' అంది. 'డెక్కలు లావుగా, తోక సన్నగా ఉంటే ఫర్వాలేదు. డెక్కలు సన్నగా, తోక లావుగా ఉందా, దాని దరిదాపులకి పోవద్దని చెప్పండి మీ ఫ్రెండ్‌కి. డెక్కల్లో బలం లేని తేలే కొండిని నమ్ముకుంటుంది.'

ఇంకేమైనా అడగాలా అంది. లేదండి అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలా అడగాల్సి ఉందని తెలిసింది.

జూన్ 18

డబ్బా తయారైంది. మూతకి షాపులో డ్రిల్లుతో కన్నాలు వేశాను. రిమ్‌లెస్ ఫ్రేములకి వాడే సన్న బిట్. కొబ్బరిపొట్టు తడిపి నాలుగు వేళ్ళ మందం పరిచాను. దాక్కోవడానికి పగిలిన కుండపెంకు. నీళ్ళకి సీసా మూత. మా షాపులోనే పనిచేసే చిట్టిబాబు చూసి, ఎవరికిరా ఇల్లు అన్నాడు. చెప్పాను. వాడు నవ్వడం ఆపాక, కొల్లూరు వైపు మా మావయ్య అరటితోటలో కావలసినన్ని, ఆదివారం పోదాం అన్నాడు.

జూన్ 22. ఆదివారం



పొద్దున్నే లంకలోని ఆ అరటితోటకి వెళ్ళాం. నరికి పడేసిన అరటిబోదెలు వరసగా పడి ఉన్నాయి. చిట్టిబాబు కర్రతో ఒక్కొక్కటీ దొర్లిస్తున్నాడు. నాలుగోదాని కింద ఒకటి కనిపించింది. ఎర్రగా, నా చిటికెన వేలంత. ఇదిగోరా నీ సైజుది, పిల్లతేలు, దీంతో మొదలుపెట్టు అన్నాడు చిట్టిబాబు. అగ్గిపెట్టె కూడా తీశాడు.

వంగి చూశాను. డెక్కలు సూదుల్లా ఉన్నాయి. తోక ఒంటికి మించి లావు.

ముట్టుకోకురా అన్నాను. ఫొటో తీసి పావనికి పంపాను. నిమిషం కాకుండా ఫోన్ వచ్చింది. గొంతు మారిపోయింది. 'ఎక్కడున్నారు? కాళ్ళకి ఏమున్నాయి, చెప్పులా బూట్లా? వెనక్కి రండి. ముందు వెనక్కి రండి.' వచ్చాను. చిట్టిబాబుని కూడా లాగాను. పిల్లతేలు కాదండి అది, అంతే ఉంటుంది, అంది. మా వార్డుకి పసిపిల్లల్ని భుజాల మీద మోసుకొచ్చేది దాని వల్లే. చెమటలు కక్కుతూ, చేతులు చల్లబడిపోయి వస్తారు. అందరూ దక్కరు.

తర్వాత కొంచెం ఊపిరి తీసుకుని, 'మీ ఫ్రెండ్ చేతికి మీ వాచీయే ఉందేంటండి?' అంది.

ఫొటోలో వేలు పెట్టి చూపించింది నేనే. పెళ్ళిచూపులకి కూడా ఇదే వాచీ.

చెప్పేశాను. ఉండగలనో లేదో చూద్దామనుకున్నానని. మిమ్మల్ని తేలు పెంచమని నేను అడగలేదు కదండి, అంది. లేదన్నాను.  ఇకనుంచి తోటల్లోకి బూట్లు లేకుండా వెళ్ళొద్దండి అని మాత్రం అంది.

జూన్ 24

ఆమే ఫోన్ చేసింది. తన తేలు ఎట్లా వచ్చిందో చెప్పింది.

మూడేళ్ళ క్రితం ఒక పెద్దావిడని తేలు కుట్టిందని తీసుకొచ్చారు. ఇంట్లోవాళ్ళు తేలుని కూడా హార్లిక్స్ సీసాలో పట్టుకొచ్చారు, డాక్టరుకి చూపించడానికి. ఈ మండ్రగబ్బ. కానీ ఆవిడ పడుతున్న బాధ మండ్రగబ్బ కుడితే వచ్చేది కాదట. కుట్టింది ఎర్రతేలు, అది పోయింది. వాళ్ళు చీకట్లో వెతికితే ఇది దొరికింది. పెద్దది కాబట్టి ఇదే అనుకున్నారు. ఆవిడ బతికి ఇంటికెళ్ళింది. సీసా మంచం కింద మర్చిపోయారు. వార్డు ఊడ్చే ఆయమ్మ ఫినాయిల్ పోస్తానంది. పావని ఇంటికి తీసుకెళ్ళింది.

ఎందుకు తీసుకెళ్ళారు అని అడిగాను. ఆ రోజు డ్యూటీ అయిపోయే టైమండి, చేతిలో ఇంకేం లేదు, అంది. నిజం చెప్పిందో లేదో తెలీదు.

జూన్ 29. ఆదివారం

వచ్చింది.

చిట్టిబాబుది అమృతలూరు. వాళ్ళ దొడ్లో పాత ఇటుకలు తీస్తుంటే కింద ఉందట. వాళ్ళావిడ చంపబోతే ఆపి, పెయింట్ బకెట్టులో వేసి, దాని మీద పళ్ళెం, పళ్ళెం మీద రుబ్బురోలు పొత్రం పెట్టి, ఆటోలో తెచ్చాడు. డెక్కలు చూశాను. పీత డెక్కల్లా ఉన్నాయి. తోక సన్నం.

బకెట్లోంచి డబ్బాలోకి మార్చడానికి చాలాసేపు పట్టింది. చిట్టిబాబు మంచమెక్కి నిలబడ్డాడు. పొడుగాటి పటకారుతో నేనే మార్చాను. తర్వాత కింద పంపు దగ్గరికెళ్ళి మొహం కడుక్కున్నాను. అది కుండపెంకు కిందికి దూరింది. ఇంతవరకు బయటికి రాలేదు.

నేను మాత్రం మంచం మీదే ఉన్నాను, కాళ్ళు పైకి పెట్టుకుని.

జూన్ 30

అది కదల్లేదు. నేను నిద్రపోలేదు.

జూలై 2

బొద్దింకని వేశాను. పావని ముందే చెప్పింది, మందు కొట్టిన ఇంటి బొద్దింక వద్దని. మా మెట్ల కింద ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు. బొద్దింక డబ్బా అంతా తిరిగి, కుండపెంకు దాకా వెళ్ళింది. రెండు డెక్కలు బయటికొచ్చాయి. అంతే. కొండి లేవనే లేదు.

పావనికి చెప్పాను. తింటే ఫర్వాలేదండి, సెటిలైనట్టే, అంది.

జూలై 5

షాపులో UV టార్చి ఉంది. ఎండకి నల్లబడే అద్దాలని కస్టమరుకి చూపించడానికి వాడతాం. తేళ్ళు ఆ వెలుతురులో మెరుస్తాయని వీడియోలో చూశాను. ఓనరుని అడిగి తెచ్చాను. కిటికీలు మూసి, దుప్పటి కప్పుకుని, డబ్బా మీద వేశాను.

నల్లటిది కాస్తా పచ్చగా అయిపోయింది. నీలం కలిసిన పచ్చ. పెట్రోల్ బంకు ట్యూబులైటు రంగు. ఒక్కో కణుపూ విడిగా కనిపిస్తోంది.

వీడియో తీసి పంపాను. ఆమెకి ఈ సంగతి తెలుసట, టార్చి లేక ఎప్పుడూ చూడలేదట. ఇంకోసారి పంపండి, దగ్గరగా, అంది. పంపాను. ఇంకోసారి, అంది. నాలుగుసార్లు దుప్పటి కప్పుకున్నాను.

ఈసారి వచ్చేటప్పుడు టార్చి తెస్తాను, మీదాన్ని చూద్దాం, అన్నాను. సరేనండి అంది. ఆమె నోటి నుంచి సరే అన్న మాట వినడం ఇదే మొదలు.

జూలై 11

రోజూ ఫోన్. మొదట తేలు గురించే. నీళ్ళు మార్చారా, పొట్టు తడిగా ఉందా. తర్వాత వార్డు గురించి, మా కస్టమర్ల గురించి. ఇవాళ తేలు మాట రాకుండానే ఫోన్ పెట్టేశాం. పెట్టేశాక గమనించాను.

భయం పోయిందా అని నన్ను నేను అడుక్కున్నాను. పోలేదు. పొద్దున్నే నీళ్ళు మార్చేటప్పుడు మెడ వెనక చల్లగా అవుతుంది. అయినా మార్చే టీకి వెళ్తున్నాను.

జూలై 20. ఆదివారం. సాయంత్రం

ఎడమ చేత్తో టైపు చెయ్యడం అలవాటు లేదు.

అమ్మ వచ్చింది. కంట్లో పొర గురించి డాక్టరుకి చూపించడానికి నిన్ననే సూర్యలంకలో మా ఇంటి నుంచి తీసుకొచ్చాను. పొద్దున గది ఊడుస్తూ బల్ల మీద డబ్బా చూసింది. మూత తీసింది. నేను పరిగెత్తాను. ఆవిడ అరవలేదు. 'ఏంట్రా ఇది, పీతలాగా ఉంది,' అంది. జీవితమంతా పీతల్ని, తోకకి ముల్లుండే టేకు చేపల్ని అమ్మిన మనిషి. చూడగానే భయపడే రకం కాదు.

ఎందుకు పెంచుతున్నానో చెప్పాను. పావని తేలు గురించి కూడా చెప్పాను. అమ్మ వింటూ కూర్చుంది. మాట్లాడకపోయేసరికి నాకు ఏదో రుజువు చెయ్యాలనిపించింది. చూడమ్మా, ఏం చెయ్యదు, అని కుండపెంకుని చేత్తో ఎత్తాను. పటకారు పక్కనే ఉంది. చేత్తోనే ఎత్తాను.

చూపుడువేలు మీద కుట్టింది.

అమ్మ చెప్పు తీసింది. నేను మూత వేసేసి డబ్బాకి అడ్డం నిలబడ్డాను. నా తప్పు, దానిది కాదు, అని అరిచాను. అమ్మ మీద నేను అరవడం ఆవిడకీ కొత్తే.

పావనికి ఫోన్ చేస్తే వెంటనే ఎత్తింది. ఏది కుట్టింది, ఎప్పుడు, చెమటలున్నాయా, వాంతి వచ్చేలా ఉందా. లేవన్నాను. అయినా ఆసుపత్రికెళ్ళి కొన్ని గంటలు ఉండండి, ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది, అంది. అమ్మకివ్వమంది. అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఊఁ, ఊఁ అంటూ వింది. 

మధ్యాహ్నం దాకా ఉంచుకుని పంపేశారు. కందిరీగ కుట్టినంతే. వేలు బెండకాయంత అయింది. అమ్మ నా మంచం పక్కనే, నాకోసం తెచ్చిన వేయించిన చేపల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ డబ్బా తెరవలేదు. సాయంత్రం బాపట్ల బండికి ఇంటికి వెళ్ళిపోయింది.

జూలై 22

అమ్మ ఇవాళ రేపల్లె వెళ్ళిందట. ఒక్కతే. సంబంధం వద్దని చెప్పి వచ్చిందట. రాత్రి ఫోన్ చేసి చెప్పింది. 'పెళ్ళి కాకముందే నీకు పరీక్ష పెట్టిన పిల్లరా. ఇవాళ తేలు, రేపింకోటి. నీకేం తెలవదు, నువ్వూరుకో.'

ఆమె పెట్టలేదమ్మా, నేనే పెట్టుకున్నాను. ఇది మనసులో అనుకున్న మాట.

పైకి సరే అన్నాను.

జూలై 23

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూలై 24

ఎత్తలేదు. ఆషాఢం అయిపోయింది.

జూలై 25

చిట్టిబాబు, ఇక ఆ తేలుని ఏం చేస్తావురా, మళ్ళీ ఇటుకల్లో వదిలేద్దామా అన్నాడు. నోటి దాకా సరే వచ్చింది. ఉండనీరా అన్నాను. ఎందుకన్నానో రాయలేను. పొద్దున లేచి నీళ్ళు మార్చాలి, అంతే.

అదేమో తినడం లేదు. బొద్దింక తన ఒంటి మీద నుంచి నడిచి వెళ్ళినా ఊరుకుంటోంది. పక్కలు ఉబ్బినట్టున్నాయి. అడగడానికి ఎవరూ లేరు.

జూలై 27. ఆదివారం

పొద్దుటి బండికి రేపల్లె వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. టార్చి జేబులో పెట్టుకున్నాను. తెస్తానన్నాను కాబట్టి.

తలుపు వాళ్ళమ్మగారు తీశారు. లోపలికి రమ్మనాలా వద్దా అని ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయారు. వెనక నుంచి పావని వచ్చింది. డాబా మీదికి రండి అంది. కళ్ళు వాచి ఉన్నాయి. మా అమ్మ వల్ల అనుకున్నాను. అంత గొప్ప మనిషిని కాదు నేను.

తేలు చనిపోయింది. బుధవారం. డ్యూటీ నుంచి వచ్చి చూసేసరికి వెల్లకిలా ఉందట. దానికి వయసెంతో ఎవరికి తెలుసు, వచ్చేటప్పటికే పెద్దది. వాళ్ళమ్మగారు పీడ పోయింది, కాలవలో పారెయ్ అన్నారట. పారెయ్యలేదు. మెట్ల గదిలో అదే డబ్బాలో ఉంది.

'ఎవరికి చెప్పుకోనండి?' అంది. 'తేలు పోయిందని ఏడిస్తే నవ్వుతారు. మీకు చెబుదామంటే మీ అమ్మగారు అప్పటికే వచ్చి వెళ్ళారు.'

 నాదీ తినడం లేదండి, అన్నాను. అది ఓదార్పు కాదు. కానీ ఆమె వెంటనే ఎన్ని రోజుల నుంచి అని అడిగింది.

చెప్పాను, పక్కలు ఉబ్బాయని కూడా. టార్చి తెచ్చాను అన్నాను. మెట్ల గదిలోకి వెళ్ళి తలుపు మూశాం. డబ్బా మూత తీసింది. టార్చి వేశాను.

వెలిగింది. చచ్చిపోయినా వెలుగుతుందని నాకు తెలీదు. ఆమెకీ తెలీదు. అదే పచ్చ. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. నా చెయ్యి నొప్పెట్టింది. దించలేదు.

బయటికొచ్చాక మా అమ్మ ఏమందో చెప్పింది. చెడ్డమాట ఒక్కటీ అనలేదట. టీ తాగి, 'మా వాడు మెత్తనోడమ్మా. ఎవరేమన్నా సరేనంటాడు. వాడి చేత ఎవరూ పరీక్షలు రాయించకూడదు,' అందట.

'నిజమేనా? అన్నిటికీ సరే అంటారా?' అంది పావని.

అవునన్నాను.

'మొదటిరోజు నాతో అన్నదీ అదే సరేనా?'

అవునన్నాను. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి మిగిలింది కూడా చెప్పాను. నాకు తేలంటే ఇష్టం లేదండి. ఇప్పటికీ లేదు. నీళ్ళు మార్చేటప్పుడు భయమేస్తుంది. మారుస్తాను. మా అమ్మ వద్దంటే సరే అన్నాను, అది తప్పు. మీరంటే ఇష్టం. అది మాత్రం ఎవరూ అడక్కుండానే.

ఆమె ఆరేసిన బట్టల్ని ఒక్కొక్కటే తీసి చేతి మీద వేసుకుంది. అన్నీ అయ్యాక, 'ఇవాళే మొదటిసారి మీరు నాతో మాట్లాడినట్టుంది,' అంది. 'మీ అమ్మగారితో కూడా ఇట్లాగే మాట్లాడండి. తర్వాత చూద్దాం.'

మా తేలుని తెచ్చివ్వమంటారా అని అడిగాను. వద్దంది. అది మీదండి, పోయినదానికి బదులు కాదు, అంది.

గేటు దగ్గర, పక్కలు ఉబ్బాయన్నారు కదా, ఆడదేమో, కదిలించకండి, చీకటిగా ఉంచండి, అంది.

జూలై 28. సూర్యలంక

సెలవు పెట్టాను.

అమ్మ వాకిట్లో చేపలు శుభ్రం చేస్తోంది. నాన్న వల దగ్గర కూర్చున్నాడు. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని.

పరీక్ష ఆ అమ్మాయి పెట్టలేదు. నేను పెట్టుకున్నాను. కుట్టించుకున్నదీ నేనే, నీ ముందు గొప్పకి పోయి. నువ్వెళ్ళి వద్దని వచ్చావు, నన్నడగలేదు. నాకిష్టం లేదమ్మా నువ్వు చేసింది. ఆ అమ్మాయినే చేసుకుంటాను.

అమ్మ కత్తిపీట మీద నుంచి కాలు తియ్యలేదు. 'సరేనన్నావుగా ఫోన్లో,' అంది.

ఇప్పుడు కాదంటున్నాను, అన్నాను.

అమ్మ నాన్న వైపు చూసింది. ఆయన తలెత్తకుండానే, 'మీ నాయన నన్ను సముద్రం మానేసి వస్తేనే పిల్లనిస్తానన్నాడు. నేను మానలా. నువ్వొచ్చావు,' అన్నాడు. మా నాన్న ఒకేసారి ఇన్ని మాటలనడం నేను చూడలేదు. అమ్మ కూడా చాలాకాలంగా చూసి ఉండదు.

అమ్మ లేచి చేతులు కడుక్కుంది. భోజనం పెట్టింది. వేయించిన చేపలు. రెండోసారి కూడా వేసింది.

జూలై 29

నాన్న ఫోన్. మీ అమ్మ ముహూర్తం అడుగుదామంది, నేనూ మీ అమ్మా రేపల్లె పోతన్నాం, అన్నాడు. ఏమైనా అందా అని అడిగాను. ఆ పిల్ల పొడుగు, పక్కన నువ్వు పొట్టిగా కనపడతావు అందిరా, అన్నాడు.

జూలై 30

పావని ఫోన్. మీ అమ్మగారు వచ్చారండి, అంది. ఏమన్నారు అన్నాను. తేలు పోయిందట కదా, ఎట్టా పోయింది అని అడిగారు, అంది. ఇంకేం చెప్పలేదు. గొంతు బాగుంది.

ఆగస్టు 14

పెళ్ళయింది. వాన. చిట్టిబాబు వడ్డనలో చేపల పులుసు మీదికి జారాడు.

ఆగస్టు 24. ఆదివారం

పావని తెనాలి నుంచి రోజూ రేపల్లె బండికి డ్యూటీకి వెళ్తోంది. బదిలీకి పెట్టుకుంది, ఎప్పుడొస్తుందో తెలీదు. స్టేషన్లో దింపి షాపుకెళ్తున్నాను. గదికి వచ్చిన రోజే డబ్బా ముందు కూర్చుని పక్కలు చూసింది. పక్కల్లో తెల్లగా చుక్కలు కనిపిస్తున్నాయంది. నాకు కనిపించలేదు. కళ్ళజోళ్ళ షాపు మనిషికి చూపు లేదంది.

డబ్బాని బల్ల మీద నుంచి మూలకి మార్చాం. పైన నల్ల గుడ్డ. తలుపు మెల్లగా వేస్తున్నాం. రేడియో కట్టేశాం. గదిలో ఇద్దరం గుసగుసగా మాట్లాడుకుంటున్నాం. కింద ఇంటావిడ, కొత్త జంట చాలా నెమ్మదస్తులని అందరికీ చెబుతోందట.

సెప్టెంబరు 7

నా పరిస్థితి గురించి ఒక మాట రాసుకోవాలి. భయం ఉంది. కానీ షాపులో ఉన్నప్పుడు తేలు ఎట్లా ఉందోనని అనిపిస్తోంది. దీన్ని ఏమంటారో పావనిని అడిగాను. పెంచడం అంటారండి, అంది.

సెప్టెంబరు 14. ఆదివారం

ఈనింది. వీపు మీద పిల్లలు, తెల్లగా, వడ్లగింజల్లా, ఒకదాని మీద ఒకటి. కదిలిస్తే తల్లే తినేస్తుందట.

కంటి ఆపరేషనుకి వచ్చిన అమ్మ డబ్బా ముందు గొంతుక్కూర్చుంది. చాలాసేపటి నుంచి అక్కడే ఉంది. 'ఇంతమందిని ఎట్టా మోస్తన్నావే తల్లీ, నాకు ఒక్కడే మొయ్యలేని బరువైపోయాడు,' అంటోంది దాంతో.

పావని నోటి మీద వేలు పెట్టి చూపించింది. అమ్మ గొంతు తగ్గించింది. మాట్లాడటం మాత్రం ఆపలేదు.